నొక్కు కింద తెలుపు

ఆవిడను ఊరంతా సున్నం అక్క అనేవారు. చిన్నవాళ్ళు అంటే సరే, ఆవిడకంటే బాగా పెద్దవాళ్ళూ అలాగే పిలిచేవారు. పళ్ళన్నీ రాలిపోయిన ముసలాయన ఒకడు అలా పిలిస్తే, "నీకు నేను అక్కనెలా అయ్యాను తాతా?" అని నిలదీసిందట. "సున్నానికి వయసేమిటమ్మా!" అని ఆయన చక్కా పోయాడట. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరైనా ఆ పేరుతో పిలిచారేమో గానీ, కుంచె చేతపట్టాక ఇక దాంతో ఎవరికీ పని పడలేదు.

ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు అక్కడి నీళ్ళ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఈవిడ చేసేదంతా పిచ్చిపనిలాగే ఉంటుంది.

పుస్తకాల్లో దాన్ని అఖాతం అని రాస్తారు. అక్కడివాళ్ళకు అంత పెద్దమాట అక్కర్లేదు. వాళ్ళకు ఉన్నవి లోపలి నీళ్ళు, బయటి నీళ్ళు. అంతే. ఉత్తరాన ఒక కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి ఠక్కున ఆగిపోతుంది. దాని పేరు ముక్కు. దక్షిణాన, ఆటు వేళ నీళ్ళు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే నల్లరాళ్ళ వరస ఒకటి ఉంది. వాటి పేరు పళ్ళు. ఈ రెండింటి మధ్య ఒడ్డు లోపలికి కొడవలిలా వంగి ఉంటుంది. ముక్కు వైపు ఇసుక మెత్తగా, పిండి జల్లించి పోసినట్టు ఉంటుంది. పళ్ళ వైపు ఒడ్డంతా గవ్వలూ ఆల్చిప్పలే, చెప్పుల్లేకుండా నడిస్తే అంతే సంగతులు. నడుమ ఒక వాగు వచ్చి కలుస్తుంది. అది మోసుకొచ్చే నల్లబురద దాని నోటి దగ్గర విశాలంగా పరుచుకుని ఉంటుంది. ఆ బురద పీతలకు ఇళ్ళు కట్టుకోవడానికి, కొంగలకు ఆ పీతలను తినడానికి, మనుషులకు మోకాళ్ళదాకా దిగబడి తిట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇంతవరకూ అందమే. అసలు చిక్కు నీళ్ళ కింద ఉంది. వాగు లోపలినుంచి ఇసుక తోస్తుంది, కెరటాలు బయటినుంచి తోస్తాయి. ఇద్దరూ పంతానికి పోయి, అఖాతం నోటికి అడ్డంగా, ముక్కు నుంచి పళ్ళ దాకా ఇసుక మేట వేశారు. దానిమీద నీళ్ళు మనిషి నడుమెత్తు కూడా ఉండవు. పడవ దానిమీదికి ఎక్కిందంటే కెరటాలు దాన్ని చావబాది ముక్కలు చేసేస్తాయి. మేటకు ఒకేఒక్క చోట గండి ఉంది. దాని పేరు గొంతు. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా అదొక్కటే దారి. ఆ గొంతైనా కుదురుగా ఉండే రకం కాదు. పెద్దగాలి వచ్చిన ప్రతిసారీ ఇసుక ఇటునుంచి అటు దొర్లి, గొంతు ఇంకోచోట తెరుచుకుంటుంది.

పైనుంచి చూస్తే నీళ్ళన్నీ ఒకేలా ఉంటాయి. మరి పడవ నడిపేవాడికి దారెలా తెలుస్తుంది?

ఊరి వెనకాల కొండకొమ్ము మీద ఒక నొక్కు ఉంది. ఎవరో గొడ్డలితో ఒక్క వేటు వేసి వదిలేసినట్టు ఉంటుంది. గాలి వచ్చినా వాన వచ్చినా అది కదలదు. కాబట్టి పెద్దగాలి వెళ్ళిపోగానే చిన్న పడవ వేసుకుని, మేటకు లోపలి వైపు గడకర్రతో లోతు తడుముకుంటూ పోవాలి. గొంతు దొరికాక దాని నడిమధ్య నిలబడి ఒడ్డు వైపు తిరగాలి. నొక్కు కింద సరిగ్గా ఏది కనబడితే దానికి సున్నం కొట్టాలి. అంతకుముందే పాత తెలుపు మీద బురద పూసి చెరిపేయాలి. బయటినుంచి వచ్చేవాడు తెల్లమచ్చను నొక్కు కిందికి తెచ్చుకుని, ఆ రెండూ ఒకదాని కింద ఒకటి విడిపోకుండా చూసుకుంటూ వచ్చేస్తే చాలు. కళ్ళు మూసుకుని రావచ్చు అనేవారు గానీ, అది కోతలు కోయడమే. కళ్ళు మూసుకుంటే తెలుపెలా కనబడుతుంది?

ఆ పని సున్నం అక్క అత్తవారింటిది. వాళ్ళ ఇంటి ముందు, సముద్రం వైపు, కొండచరియ జారకుండా కట్టిన పొడవాటి రాతిగోడ ఉంది. గొంతు ఎటు జరిగినా నొక్కు కిందికి వచ్చేది మామూలుగా ఆ గోడలోని ఏదో ఒక భాగమే. ఇవాళ ఈ కొస తెల్లగా ఉంటే వచ్చే గాలి తర్వాత ఆ కొస. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, వీళ్ళకు గోడ మొత్తం వేయించే స్తోమత లేదు కాబోలు అనుకునేవారు.

ఆమె పుట్టింది సముద్రం ముఖం చూడని ఊళ్ళో. కాపురానికి వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి ఎదురుగా ఉన్నదంతా కలయజూసి, "ఇన్ని నీళ్ళుండీ చెంబెడు తాగడానికి లేవా? ఇదేం సంసారం!" అందట. మామగారు పగలబడి నవ్వాడు. కొత్తకోడలికి భయం లేదని ఆయనకు అప్పుడే అర్థమైంది. భర్త నవ్వలేదు. ఆయన దేనికీ నవ్వడు, దేనికీ మాట్లాడడు. చిన్న పడవ తెడ్డు వేయడం ఒక్కటే ఆయన చేసేది. అందుకే ఆయన్ను అందరూ తెడ్డు అనేవారు. నోట్లో నాలుక లేని మనిషికి ఊరంతటి నోరున్న ఆవిడ దొరికింది. సంసారం సమంగానే సాగింది.

మామగారికి మోకాళ్ళు పట్టేసిన ఏడాది, గాలి వెలిసిన పొద్దున ఆయన సున్నం బాన పక్కన కూలబడి, ఇద్దరు కొడుకుల్లో ఎవరికి చెప్పాలా అని తల పట్టుకున్నాడు. చిన్నవాడు పెద్దపడవ మీద బయటి నీళ్ళలో ఉన్నాడు. పెద్దవాడు తెడ్డు వేయాలి, మరి గడ ఎవరు వేస్తారు? ఆయన ఇంకా ఆలోచనలోనే ఉన్నాడు. ఆమె చెంగు బిగించి, "కుంచె ఇలా ఇవ్వండి మామగారూ" అని లాగేసుకుంది. ఆ రోజునుంచి మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. పళ్ళ వైపు ఒడ్డున గవ్వలు ఏరి బట్టీకి పంపి కాల్పించేది. ఆ సున్నం మీద నీళ్ళు పోసినప్పుడు కుతకుతమని ఉడుకుతుంటే బిడ్డకు పాలు కాస్తున్నంత శ్రద్ధగా చూసేది. గడ నీళ్ళలోకి దించి, అడుగు తగిలిన చప్పుడు చేతికి తెలియగానే "ఇసుక", "బురద", "రాయి" అని చెప్పేది. ఒక్క గుణం మాత్రం ఊరికి కొరకరాని కొయ్య. ఎవరినీ ఏదీ అడగదు. అడగడమనేది ఆమె ఒంట్లో లేదు. నొక్కు కింద ఏది ఉంటే అది ఆమెదే. ఒకసారి ఎవరివో ఆరేసిన వలలు అడ్డొచ్చాయని తీసి అవతల పారేసింది. ఇంకోసారి ఒకాయన కొత్తగా చెక్కించుకున్న పడవ గోడకు ఆనించి ఉంటే, గోడతో పాటు దానికీ సున్నం కొట్టేసింది. "కడుక్కో, పోతుంది" అంది. తిట్టుకున్నారు, కడుక్కున్నారు, మళ్ళీ ఆమె తెలుపు చూసుకునే ఇంటికొచ్చారు.

ఆ గుణమే ఒకసారి ఇంటిమీదికి తగువు తెచ్చింది.

చిన్నవాడికి పెళ్ళయి తోడికోడలు ఇంట్లో అడుగుపెట్టింది. గలగలా మాట్లాడే పిల్ల. అందరితో కలిసిపోతుంది, ముఖ్యంగా అక్కతో. ఇద్దరూ కలిసి గవ్వలు ఏరుకోవడానికి వెళ్ళి, గవ్వలు తక్కువ, కబుర్లు ఎక్కువ మోసుకొచ్చేవారు. సున్నం అక్కకు సొంత చెల్లెళ్ళు లేరు. ఈ పిల్ల "అక్కా" అని పిలిస్తే ఏదో పని చెప్పబోతోందని తెలిసి కూడా ఆమెకు హాయిగా ఉండేది.

ఆ ఏడు పెద్దగాలి తర్వాత గొంతు బాగా ఉత్తరానికి జరిగింది. నొక్కు కిందికి వచ్చింది గోడ కాదు, గోడ చివర పెరట్లో ఉన్న మరుగుదొడ్డి తలుపు. సున్నం అక్క పడవ దిగి, పాత తెలుపు చెరిపీ చెరపగానే బాన ఎత్తుకుని వెళ్ళి, ఆ తలుపుకు నిండుగా సున్నం కొట్టడం మొదలుపెట్టింది. లోపల మనిషి ఉందేమోనని చూడలేదు, పిలవలేదు. తోడికోడలు తలుపు తీసింది. కుంచె ఆగలేదు.

తల నుంచి పాదాల దాకా తెల్లగా, ఆ కొత్తకోడలు పెరట్లో నిలబడిపోయింది. గోడ అవతల వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళంతా చూశారు. ఆ నవ్వులు ఆ రోజుతో పోతే బాగుండేది. పడవలవాళ్ళకు ఏడాది పొడవునా అదే వేళాకోళం. "ఎలా వచ్చావురా?" అంటే, "ఆవిడగారి తలుపు చూసుకుంటూ వచ్చాను" అనేవారు. సున్నం అక్క కూడా నవ్వింది. అదే తోడికోడలి గుండెకు తగిలింది. "తప్పయిపోయింది" అన్న ఒక్కమాట కోసం ఆ పిల్ల చాలా రోజులు చూసింది. "కడుక్కుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నదే వచ్చింది. తర్వాత పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి. అన్నదమ్ములిద్దరూ ఏమీ గొడవపడకుండానే వేరుపడ్డారు.

చిన్నవాడు గోడకు ఉత్తరాన ఉన్న తన వాటా జాగాలో ఇల్లు కట్టుకున్నాడు. భర్త బయటి నీళ్ళలో ఉన్న రోజుల్లో ఊరికే కూర్చోలేక తోడికోడలు గదులు అద్దెకిచ్చింది. చేపలు కొనడానికి వచ్చేవాళ్ళు, ఐసు బండ్ల డ్రైవర్లు, ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు అక్కడే దిగేవారు. ఇంటికి సముద్రం వైపు గోడకు ముదురు నీలం రంగు, అదీ నూనె రంగు, వేయించింది. రంగు వేసేవాడు, "ఒకసారి ఇది పట్టిందంటే దీనిమీద సున్నం నిలవదమ్మా, ఆలోచించుకోండి" అన్నాడట. "ఆ మాట ముందే చెప్పకపోయావా, రెండు పూతలు వేయి" అందట ఆవిడ. అప్పటినుంచి ఆవిడ నీలం ఇంటావిడ అయింది. రెండిళ్ళ మధ్య పట్టుమని పది అడుగులు లేవు. ఏళ్ళు గడిచిపోయాయి, ఎడమొహం పెడమొహంగానే.

సున్నం అక్క ఎవరితోనూ అనేది కాదు గానీ, గవ్వలు ఏరేటప్పుడు పక్కన ఎవరూ లేకపోవడం ఆమెకు ప్రతిసారీ బాధగానే ఉండేది.

అలా ఉండగా ఒక ఏడు వచ్చిన గాలి మామూలు గాలి కాదు. దాని వాసన ముందే పట్టి పడవలన్నీ పైనున్న పెద్దరేవుకు పారిపోయి తలదాచుకున్నాయి. ఇప్పటిలా జేబులో ఫోను ఉండే రోజులు కావవి. గాలి వెలిశాక వచ్చే పగటి పోటుతో, అంటే నీళ్ళు మళ్ళీ ఎక్కేవేళకు, పడవలు తిరిగొస్తాయని అందరికీ తెలుసు. వాళ్ళు వచ్చేలోపు తెలుపు మారాలి. లేకపోతే పాత తెలుపును నమ్ముకుని నేరుగా మేట మీదికి ఎక్కుతారు. అందరికంటే ముందు వచ్చే పడవ నడిపేది ఆమె మరిది.

పొద్దున ఆటులో తెడ్డు పడవ తీశాడు. పాత గొంతు ఉన్నచోట గడ దించితే సగం కూడా మునగలేదు. ఇసుక. ఇంకొంచెం ఉత్తరానికి. ఇసుక. ముక్కు నీడ నీళ్ళమీద పడేచోటు దగ్గరికొచ్చాక గడ ఒక్కసారిగా చేతిలోంచి జారిపోబోయింది. అక్కడ అడుగు తగల్లేదు. అటూ ఇటూ తడిమి అంచులు చూసుకుని, నడిమధ్య నిలబడి సున్నం అక్క ఒడ్డు వైపు తిరిగింది.

నొక్కు కింద నీలం గోడ ఉంది.

ఆమె కళ్ళు నులుముకుంది. పడవను కొంచెం అటు, కొంచెం ఇటు వేయించింది. నీలం గోడ కదల్లేదు. తన గోడ చివరి రాయి పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. ఆ రాయికి వేస్తే ఏం పోతుంది అని ఒక ఆలోచన వచ్చింది. గడ ఆ వరసలో దించి చూసింది. అడుగున ఇసుక కరకరలాడింది. ఇక ఆ ఆలోచన కట్టిపెట్టింది.

"సరే, పదండి. బాన ఎత్తుకెళ్ళి కొట్టేస్తాను. అరుస్తుంది, అరవనీ" అంది.

తెడ్డు తెడ్డు వేయడం ఆపాడు. "అడిగి వెయ్" అన్నాడు.

ఆయన నోట మాట వచ్చిందంటే అది పెద్దగాలి వచ్చినంత పని. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన అప్పటికే మళ్ళీ తెడ్డు వేస్తున్నాడు.

నీలం ఇంటి గుమ్మం ముందు సున్నం అక్క నిలబడింది. కుంచె, బాన ఇంటి దగ్గరే వదిలేసి వచ్చింది. చేతుల్లో ఏమీ లేకపోతే వాటిని ఏం చేయాలో తెలియలేదు. నీలం ఇంటావిడ గదుల దుప్పట్లు ఉతికి పిండుతోంది. తలెత్తి చూసి, పిండుతున్న దుప్పటిని ఇంకో మెలిక తిప్పింది.

"ఏం కావాలి?"

"నీ గోడ."

"నా గోడే దొరికిందా?"

"నొక్కు కింద ఉన్నది అదే."

"బాగుంది. అప్పుడు తలుపు, ఇప్పుడు గోడ. రేపు నెత్తిన పోస్తావు కాబోలు."

"అప్పుడే కాస్త పడిందిగా" అనేసింది సున్నం అక్క. నాలుక్కి ఎముక ఉంటే అప్పుడే విరిచేసుకునేది. నీలం ఇంటావిడ ముఖం కందగడ్డలా అయిపోయింది. దుప్పటి బక్కెట్లో పడేసి లోపలికి వెళ్ళబోయింది.

"ఆగు" అంది సున్నం అక్క. "పోట్లాటకు రాలేదు. అడగడానికి వచ్చాను. నాకు అడగడం చేతకాదని నీకు తెలుసు. ఎలా అడగాలో కూడా నువ్వే చెప్పు, అలాగే అడుగుతాను."

నీలం ఇంటావిడ గుమ్మంలో అటు తిరిగే నిలబడింది. ఈ మనిషి నోట ఇలాంటి మాట వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. నమ్మాలని ఉంది. నమ్మితే మళ్ళీ నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని భయంగానూ ఉంది.

"ఊళ్ళో ఇన్ని గోడలుంటే నా గోడే నొక్కు కిందికి వచ్చిందంటే నేను నమ్మను. నా కళ్ళతో చూడాలి."

"పడవెక్కితే నీకు వాంతులవుతాయి."

"అయితే అవుతాయి. నీ మీద పడకుండా చూసుకో."

అయ్యాయి కూడా. మేట అవతల విరిగే కెరటాల ఊపు లోపలిదాకా వస్తూనే ఉంది. నీలం ఇంటావిడ పడవ అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తిట్టగలిగినంతసేపు తిట్టి, తర్వాత అదీ చేతకాక ఊరుకుంది. గొంతు దగ్గరికి వచ్చాక సున్నం అక్క గడ ఆవిడ చేతికిచ్చి దించమంది. గడ అలా దిగిపోతూనే ఉంది. "ఇప్పుడు ఒడ్డు చూడు" అంది.

ఆవిడ కళ్ళు తెరిచి చూసింది. కొండ, కొండ మీద నొక్కు, దాని కింద తన ఇల్లు. ఇంటిని ఆవిడ ఎప్పుడూ నీళ్ళమీదనుంచి చూడలేదు. ఇంత డబ్బు పోసి రంగు వేయించిన గోడ, ఇక్కడినుంచి చూస్తే కొండ నీడలో కలిసిపోయి అసలు ఉందో లేదో తెలియడం లేదు. పక్కన అక్క గోడ మీద పాత తెలుపు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అది గోడని ఆవిడకు తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియనివాళ్ళకు అది ఒక తెల్లటి చుక్క.

"ఇక్కడినుంచి చూస్తే అది గోడో తలుపో కూడా తెలియదే" అంది మెల్లగా.

"తెలియదు" అంది సున్నం అక్క.

"మరి వాళ్ళంతా నవ్వేవాళ్ళు కదా."

"ఒడ్డెక్కాక నవ్వేవాళ్ళమ్మా" అన్నాడు తెడ్డు. "గొంతులో ఉన్నప్పుడు ఎవడికీ నవ్వు రాదు."

బావగారు తనతో మాట్లాడడం నీలం ఇంటావిడకు అదే మొదలేమో. ఆ ఏడు తన భర్త కూడా ఆ తలుపునే కళ్ళలో పెట్టుకుని ప్రాణాలతో ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి తనకు ఒక్కసారీ తట్టలేదు.

"ఆ రోజు నిన్ను పిలవాల్సింది" అంది సున్నం అక్క గడ కడుగుతూ. "తలుపు మీద తట్టినా సరిపోయేది. తట్టలేదు. పైగా నవ్వాను. తప్పు నాది."

"గోడ తీసుకో" అంది నీలం ఇంటావిడ.

పోటు మొదలైంది. సున్నం అక్క బాన, కుంచె తెచ్చి, నీలం గోడ మీద చేయి తిరిగినట్టు బారుగా ఒక పట్టె లాగింది. సున్నం తెల్లగా మెరిసి, చూస్తుండగానే చారలు చారలుగా కిందికి జారిపోయింది. ఇంకోసారి వేసింది, మళ్ళీ జారింది. చిక్కగా కలిపి వేసింది. తమలపాకు మీద నీటిచుక్కలా దొర్లి నేలమీద పడింది. గోడ కడిగిన అద్దంలా ఎప్పటి నీలంగానే ఉంది. ఇన్నేళ్ళలో ఆమె కుంచె తిరగబడ్డది ఇదే మొదటిసారి.

"రంగువాడు చెప్పాడు" అంది నీలం ఇంటావిడ పాలిపోయిన ముఖంతో. "దీనిమీద సున్నం నిలవదని. అందుకే వేయించాను. రెండు పూతలు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వొచ్చే సమయం కాదు గానీ సున్నం అక్క పెదవి ఒక పక్క వణికింది. "నాకోసం ఇంత ఖర్చు పెట్టావా?" అంది.

నీలం ఇంటావిడ చూపు పెరట్లో తీగ మీద ఆరుతున్న దుప్పట్ల మీద పడింది. అద్దెగదుల తెల్లదుప్పట్లు, అవి తెల్లగా ఉంటాయనే ఆ ఇంటికి పేరు. ఆవిడ పరుగున వెళ్ళి చేతికందినవన్నీ లాక్కొచ్చింది. గోడ నిండడానికి అవి చాలలేదు. గదుల్లోకి దూరింది. ఒక గదిలో మెకానిక్కు రాత్రంతా ఐసు బండి ఇంజనుతో కుస్తీపట్టి వచ్చి ఒళ్ళెరక్కుండా నిద్రపోతున్నాడు. ఆయన్ను అటు దొర్లించి దుప్పటి లాగేసింది. "ఏమిటండీ ఇది!" అని ఆయన లేచి కూర్చునేసరికి, "సుత్తి ఉందా మీ దగ్గర?" అంది. పాపం, ఉంది. కళ్ళు నులుముకుంటూ తెచ్చిచ్చి, నిచ్చెన కూడా ఆయనే పట్టుకున్నాడు.

నూనె రంగు గోడకు మేకులు దిగుతుంటే పెచ్చులు రాలాయి. నీలం ఇంటావిడ వాటివైపు చూడను కూడా చూడలేదు. దుప్పటి పక్కన దుప్పటి, గాలికి ఎగరకుండా అంచులకు రాళ్ళు కట్టి, చూరు నుంచి నేల దాకా గోడంతా తెల్లగా చేశారు. సున్నం అక్క ఒడ్డు దాకా పరుగెత్తి వెనక్కి తిరిగి చూసింది. తన జన్మలో అంత మంచి తెలుపు తను వేయలేదు. ఆ మాట పైకి అనడానికి నోరు తెరిచేలోపు, ముక్కు చాటునుంచి మొదటి పడవ బయటపడింది.

అదే వరసలో వెనకాల మిగతావి. మొదటిది మరిది పడవే, ముందు పైకి లేచిన దాని ఎర్ర కొమ్ము ఎంత దూరాన్నైనా గుర్తుపట్టవచ్చు. పడవ ముక్కును దాటి, దక్షిణానికి సాగి, ఇంకా సాగి, అప్పుడు ఒడ్డు వైపు తిరిగింది.

దుప్పట్ల వైపు కాదు.

"అక్కా!" అని అరిచింది నీలం ఇంటావిడ. "అక్కా, నీ తెలుపు! నీ తెలుపు చెరపలేదు!"

సున్నం అక్క తన గోడకేసి తిరిగింది. పాతది చెరిపాకే కొత్తది వేయాలి. మామగారు మొదటిరోజు చెప్పిన మాట. ఎప్పుడూ తప్పలేదు. ఇవాళ అడిగే హడావిడిలో పడి, తన గోడ సంగతే మరిచిపోయింది. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని నమ్మిన తెలుపు ఎదురుగా ఉంటే, మరిది పక్కింటి దుప్పట్లకేసి ఎందుకు చూస్తాడు? ఎవరో బట్టలు ఆరేశారనుకుంటాడు. ఎర్ర కొమ్ము మేట మీద విరుగుతున్న నురుగుకేసి తిన్నగా వస్తోంది.

బురద కోసం వాగు దాకా పోయి వచ్చే వ్యవధి లేదు. కానీ గోడ కింద, ఒడ్డున, తెడ్డు తన చిన్న పడవను అప్పుడే ఆనిస్తున్నాడు. పడవ నిండా నల్లబురద. ఏటా పాతది చెరపడానికి తెచ్చినట్టే, ఎవరూ చెప్పకుండా, ఆడవాళ్ళు దుప్పట్లతో సతమతమవుతున్నప్పుడు వెళ్ళి తెచ్చేశాడు. గంపలు వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇద్దరూ పడవలోకి దూకి, చేతులతోనే దోసిళ్ళకొద్దీ తీసి గోడకేసి కొట్టారు. మెకానిక్కు బక్కెట్టుతో అందిస్తూ ఉన్నాడు. బురద సున్నం మీద చప్పున అతుక్కుంది. సున్నం అక్క ఎంతో మురిపెంగా వేసుకున్న తెలుపు పైనుంచి కిందికి, ముద్ద ముద్దగా, నల్లబడుతూ వచ్చింది. నీలం ఇంటావిడ బురద వేస్తూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే వేస్తోంది.

"పైన ఇంకా ఉంది అక్కా, ఆ మూల!"

సున్నం అక్క రాళ్ళ సందుల్లో కాలుపెట్టి గోడ పైకి పాకి, ఆ మూల తన రెండు చేతులతో పాముకుంటూ పోయింది. చివరి తెలుపు పోయాక వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. గోడకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది.

"ఆగాడు" అన్నాడు తెడ్డు కింద నుంచి.

అప్పుడు తిరిగి చూసింది. మేటకు అవతల, నురుగుకు కాస్త దూరంలో, ఎర్ర కొమ్ము నిలబడిపోయి ఉంది. నమ్ముకున్న తెలుపు కళ్ళముందే మాయమైతే ఏ పడవవాడైనా ముందు ఇంజను ఆపుతాడు. తర్వాత ఇంకో తెలుపు కోసం వెతుక్కుంటాడు. ఎర్ర కొమ్ము కెరటాలకు అటూ ఇటూ ఊగింది. ఎర్ర కొమ్ము మెల్లగా ఉత్తరానికి తిరిగింది. అలా సాగి, సాగి, దుప్పట్లకు ఎదురుగా వచ్చి, నొక్కును వాటి నెత్తిన పెట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది. గొంతులో దిగేటప్పుడు అటూ ఇటూ నురుగు లేచింది గానీ పడవ కింద నీళ్ళు నల్లగా, నిండుగా ఉన్నాయి. వెనకాల మిగతా పడవలన్నీ అదే వరసలో వచ్చేశాయి. ఒక్కటి కూడా ఇసుకను తాకలేదు.

మరిది ఒడ్డెక్కాడు. ముందు నల్లబడిన అన్నగారి గోడ చూశాడు. తర్వాత దుప్పట్లు కట్టుకున్న తన ఇల్లు చూశాడు, రాలిన నీలం పెచ్చులు చూశాడు. మోచేతుల దాకా బురదతో, జుట్టు రేగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళను చూశాడు. ఆయనకు ఏం జరిగి ఉంటుందో తెలియలేదు. ఇన్నేళ్ళ గొడవ మళ్ళీ ఏ పెరట్లో మొదలైందోనని భయం పట్టుకుంది.

"మన గోడ మీద అవెవరు కట్టారు?" అని భార్యను అడిగాడు.

"ఇంకెవరు? మీ వదినే."

ఆయన ముఖం ఇంకా పాలిపోయింది. నీలం ఇంటావిడ కళ్ళు తుడుచుకోబోయి, చెంపంతా బురద చేసుకుని, సున్నం అక్క భుజం మీద చెయ్యి తీయకుండానే అంది:

"అడిగే కట్టిందండీ."